గోడకెక్కిన బావ

బోధన్ బస్టాండు ఎదుటి హోటల్లో నాకొక బెంచీ ఉంది. బెంచీ హోటలువాడిదే గానీ, ఇన్నేళ్లుగా దాని మీద కూర్చుని నేను చెప్పిన అబద్ధాల బరువుకు దాని నడుము వంగింది కాబట్టి నాదే అంటాను. మా తాత చేన్లో చెరుకు తిని బలిసిన అడవిపందిని కోస్తే కూర పాయసంలా తియ్యగా ఉండి, చింతపులుసు పోసి దించాల్సి వచ్చిందని మొదట చెప్పింది అక్కడే. మంజీర పొంగినప్పుడు మా ఎడ్లబండి తేలుకుంటూ పోయి నాందేడ్ సంతలో ఆగిందనీ, దిగి ఉల్లిగడ్డలు కొనుక్కుని వచ్చామనీ చెప్పింది కూడా అక్కడే. మంజీర అటు పారదని అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు. అడిగితే కథ ఆగిపోతుందని కూడా వాళ్లకు తెలుసు. మర్యాదస్తులు.

ఈ మధ్య అడుగుతున్నారు. నది సంగతి కాదు. "వీడియో ఉన్నదా అన్నా?" అని. చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని, పళ్లు ఇకిలిస్తూ. ఆ మాట వింటే, ఇంకొకడు నమిలి ఉమ్మిన వేపపుల్లను తెచ్చి నా నోట్లో పెట్టినట్టుంటుంది నాకు.

కానీ మా చెల్లె అత్తగారింటి గోడ మాట్లాడుతుందని చెప్పిన రోజు మాత్రం ఎవరూ వీడియో అడగలేదు. "ఆ, మా మేనత్త ఇంట్ల సుత ఉన్నది" అన్నాడు ఒకడు. "మా వదినె వాళ్లది ఇంట్లకెల్లి సూస్తది, బయట్కెల్లి సూస్తది" అన్నాడు ఇంకొకడు, అదేదో పాడిబర్రె గుణం చెప్పినట్టు. నా జన్మలో నేను చెప్పగానే వాళ్లు నమ్మిన ముచ్చట అదొక్కటే. అది నిజం కూడా. ఇంత పాడు సంగతి కల్పించే తెలివి నాకు లేదు.

మా చెల్లెను నిజామాబాద్‌లో ఇచ్చాం. గల్లీలో ఇంటికొక అరుగు, అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్లు, గోడకు గల్ఫ్‌లో ఉన్న మగవాడి ఫోటో. మా బావ కూడా గల్ఫ్‌లోనే, కట్టడాల పనిలో ఇనుప కడ్డీలు కడతాడు. మనిషి చెడ్డవాడు కాదు. తాగడు. పండగకు మా అమ్మకు చీర పంపిస్తాడు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే చెడ్డవాడైతే ఈ కథ చిన్నదయ్యేది, నా ఒళ్లు ఇంత జలదరించేదీ కాదు.

ఎండలు ముదరకముందు ఒకరోజు మక్క కంకుల సంచి భుజాన వేసుకుని వాళ్లింటికి పోయాను. గేటు గడియ తీశానో లేదో, గొంతు వినిపించింది.

"సంచిల ఏం తెచ్చినవ్ బావా?"

బావ గొంతు. సంచి కింద పడేశాను. చెప్పకుండా దేశానికొచ్చాడేమో అని తలుపు వెనక చూశాను, మంచం కింద చూశాను, బాత్రూం రేకు కూడా తీసి చూశాను.

"గాడ గాదు బావా, పైకి సూడు, పైకి."

పైన, చూరు కింద, తెల్ల డబ్బా ఒకటి మెడ తిప్పి నన్నే చూస్తోంది. గుండ్రటి నల్ల కన్ను. దాని కింద చిన్న చిన్న తూట్లు, అవి నోరు. పక్కనే ఎక్కడో చెవి.

"కొత్తగ పెట్టించిన" అన్నాడు బావ, చూరులోంచి. "మంచిగ కనవడుతున్నవ్. నెత్తి నడుమ బట్టతల వచ్చింది కద నీకు?"

నా బట్టతలను అంతవరకు నేనే పైనుంచి చూడలేదు. పుట్టిన ఊళ్లో మా అమ్మ కూడా చూడని చోటును సముద్రం అవతల ఒక గదిలో నలుగురు మంచాల మీద పడుకుని చూశారు. నలుగురు అని ఎందుకంటున్నానంటే, నవ్వు వినిపించింది. ఒకడి నవ్వు కాదు.

మా అత్తమ్మ, అంటే బావ వాళ్లమ్మ, లోపలినుంచి వచ్చింది. సంచిలోంచి కంకులు తీసి ఒక్కొక్కటే డబ్బా వైపు ఎత్తి చూపించడం మొదలుపెట్టింది. "ఇగో బిడ్డ, అల్లుడు కంకులు తెచ్చిండు. లేతగున్నయి. నువ్వుంటె కాల్సి పెడుదు." ఆమె కళ్లు తడిశాయి. కొడుకును డబ్బాలో చూసుకుంటోంది ఆమె. అన్నం తినే ముందు దాని కేసి కంచం చూపిస్తుందట. పాపం, ఆమెను ఏమనగలం?

మా చెల్లె నెత్తి మీద కొంగు కప్పుకుని నీళ్లు తెచ్చి ఇచ్చింది. అంత ఉక్కలో కొంగు కప్పుకుని. కళ్లతో వంటింటి వైపు చూపించింది. వెనకాలే పోయాను. అక్కడ కొంగు తీసి మెడ తుడుచుకుంది.

"వంటింట్ల ఒక్కటే లేదన్నా" అంది మెల్లగా. "నవ్వాలన్నా ఏడ్వాలన్నా ఈడికే వస్త."

నవ్వడానికి వంటింట్లోకి పోవడమేమిటి? ఆ అరుగు మీద వాళ్ల నవ్వులు వీధి చివర పాన్ డబ్బా దాకా వినిపించేవి. మధ్యాహ్నం వంటలు కాగానే నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారపు ఉండ. చేతుల పని చేతులదే, నోటి పని నోటిదే. వేళ్లు చూడకుండానే ఆకు చుట్టి, దారం కట్టి పక్కన పడేసేవి. మాటలు ఆగితే వేళ్లు కూడా ఆగేవి. నేను గోడకు ఆనుకుని వినేవాణ్ణి. నా కథల్లో మంచివి సగం అక్కడ ఏరుకున్నవే. పసిగట్టి వెళ్లగొట్టేవారు. "మొగోనికి ఈడేం పనన్నా? పో, పోయి మీ పందికూర ముచ్చట ఎవరికన్న చెప్పుకో."

అందరికన్నా పెద్ద నోరు ఎదురింటామెది. ఆమె భర్త, మా బావ ఒకే కంపెనీ, ఒకే గది, ఒకరి మంచం మీద ఒకరి మంచం. మా చెల్లె పెళ్లయి వచ్చిన కొత్తలో ఆకు కత్తిరించడం నేర్పింది ఆమె. పురిటి నొప్పులొస్తే ఆటో ఎక్కించింది ఆమె. పుట్టిన బిడ్డ దక్కనప్పుడు నెల రోజులు అన్నం కలిపి పెట్టింది కూడా ఆమె. మా అమ్మకన్నా ముందు ఆమెకే చెప్పేది ఏదైనా.

నేను పోకముందు, కెమెరా పెట్టిన కొత్తలో, దాన్ని ఎవరూ లెక్కచేయలేదు. గోడ మీద బల్లిని పట్టించుకుంటామా? ఒకరోజు ఎదురింటామె ఆకు చుడుతూ చుడుతూ తన భర్త సంగతి ఎత్తింది.

"మా ఆయన ఫోన్ల ముద్దిస్తడే. గంత దూరంకెల్లి! మూతి ముందట వెట్టంగనే సిగ్నల్ వోతది. సిగ్నల్‌కున్న సిగ్గు సుత లేకపాయె ఆయనకు."

అరుగంతా పకపకలాడింది. మా చెల్లె చాటలో తంబాకు కింద పోసుకుంది నవ్వాపుకోలేక. ఆ నవ్వు చల్లారకముందే అక్కడ, ఆ గదిలో, మా బావ ఫోన్‌లో ఆ మాట రెండోసారి మోగింది. డ్యూటీ దిగి వచ్చిన వాళ్లందరికీ వినిపించాడు. చెడుద్దేశంతో కాదట. అందరూ నవ్వుకుంటారని. నవ్వారు. పై మంచం మీద పడుకున్న ఆమె భర్త తప్ప. ఆ రోజునుంచి గదిలో అతని పేరు మారిపోయింది. బాత్రూం దగ్గర వరసలో నిలబడ్డా "సిగ్నల్ వోయిందా భాయ్?" అనేవారట.

అతను ఇంటికి ఫోన్ చేయడం మానేశాడు. ఎదురింటామెకు కారణం తెలియలేదు. తెలిసిన రోజు అరుగు మీదికి వచ్చి, చాట లేకుండా నిలబడి, మా చెల్లెను ఒకటే అడిగింది.

"నువ్వు జెప్పినవా?"

"లేదక్కా. నా మీదొట్టు."

ఆమె తలెత్తి డబ్బాను చూసింది. తర్వాత దిగి వెళ్లిపోయింది. అంతే. తిట్టనూ లేదు. ఆమె తిడితే బాగుండేదని మా చెల్లె ఇప్పటికీ అంటుంది.

మిగతావాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. "మా ఇంటి కాడ నీడ మంచిగున్నది" అని ఒకామె. "మోకాళ్లు నొస్తున్నయి, ఎక్కలేకపోతున్న" అని ఇంకొకామె, రెండు మెట్లకు! ఎవరూ అసలు మాట అనలేదు. అందరి భర్తలూ అటువైపే ఉన్నారు కదా, ఎవరి మాట ఏ గదిలో మోగుతుందో. వానలు మొదలయ్యే సరికి అరుగు మీద మా చెల్లె ఒక్కతే మిగిలింది. ఒళ్లో చాట, నెత్తిన కొంగు, పైన భర్త. బతుకమ్మ కూడా ఏటా వాళ్ల వాకిట్లోనే పెట్టి ఆడేవారు, వాకిలి పెద్దదని. ఈసారి గల్లీ ఆ చివర, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, మురికి కాలువ అంచున ఆడారు. పూలు మురిక్కాలువ పక్కన పెట్టారంటే ఆ కన్ను అంటే వాళ్లకెంత రోతో చూసుకోండి.

మా చెల్లె ఏడుస్తూ అడిగితే నేను బావకు ఫోన్ చేశాను. నోటితో బతికేవాణ్ణి కదా, చెప్పి ఒప్పిస్తాననుకున్నాను.

"బావా, జర దాన్ని తీసెయ్యరాదు. ఆడోళ్లు కూసుంటలేరు."

"ఎందుకు కూసుంటలేరు? నేనేమన్న కొర్కుతున్ననా?"

"మీదికెల్లి సూస్తుంటె ఎట్ల కూసుంటరు బావా?"

"నన్ను సూస్తలేరా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కానట్టు. "మా సైట్ల స్తంభానికొకటి ఉంటది. నీళ్లు తాగినా సూస్తరు, జర కూసున్నా సూస్తరు, మైకుల పిలుస్తరు. నేనేమన్న అంటున్ననా? తప్పు జెయ్యనోనికి భయమెందుకు బావా? నాకు ఇల్లు కనవడితె నిద్ర వడుతది, గంతే."

ఎంత అబద్ధమైనా అల్లగలను గానీ ఆ మాటకు జవాబు అల్లలేకపోయాను. అక్కడ ఎవడో వీడి మెడకు తాడు కట్టాడు. వీడికి ఆ తాడు అలవాటై, అదే తాడును ఇంటికి పంపించాడు, చీరతో పాటు. పుచ్చుకున్న మా అత్తమ్మ దానికి హారతి ఇస్తోంది. ఇందులో ఎవరి మొహాన ఉమ్మాలి? ఉమ్మడానికి మొహం దొరకకపోవడమే ఈ రోత.

దసరాకు మళ్లీ పోయాను. మా ప్రాంతంలో ఆ రోజు పనిముట్లకు పూజ చేస్తారు. కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, ఆ పూట వాటిని ముట్టరు, విశ్రాంతి. మా అత్తమ్మ పొద్దున్నే మొదలుపెట్టింది. ఆకు కత్తిరించే కత్తెరలకు, చాటలకు, రోలుకు, మిక్సీకి, గ్యాసు పొయ్యికి, మామ వదిలిపోయిన సైకిలుకు. అన్నీ అయ్యాక నడుము మీద చెయ్యి పెట్టుకుని పైకి చూసింది.

"కోడలా, స్టూలు తే. నా కొడుకు పంపిన మిషను. అన్నిటికి వెట్టి దానికి వెట్టకపోతె ఎట్లుంటది?"

నేను నోరు తెరిచాను. మా చెల్లె నా కాలు తొక్కింది. స్టూలు తెచ్చి వేసి, ఊగకుండా రెండు చేతులతో పట్టుకుంది. అత్తగారిని స్టూలెక్కిస్తూ అంత భక్తిగా నిలబడ్డ కోడలిని నిజామాబాద్ జిల్లాలో ఎవరూ చూసి ఉండరు. అత్తమ్మకు దగ్గరి చూపు ఆనదు. పసుపు ముద్ద తీసి, డబ్బా మొహం ఎక్కడో తడుముకుని, నిండుగా పూసింది. మా వైపు పసుపు సన్నది కాదు, పూస్తే గోడ కూడా అరిటిపండులా నిగనిగలాడుతుంది. దాని నడుమ రూపాయి బిళ్లంత కుంకుమ. పైన ఒక బంతిపువ్వు. నల్ల కన్ను పూర్తిగా మునిగిపోయింది.

వెంటనే నా ఫోన్ మోగింది.

"బావా! అంత పచ్చగ అయిపాయె! ఏమైంది?"

"తేనెటీగలు బావా" అన్నాను, నోటికొచ్చింది అదే. "తుట్టె వెట్టినయి. ఇంతింత లావు. మనిషిని దగ్గరికి రానిస్తలేవు."

"ఫోటో పెట్టు."

చూశారా? అంత అందమైన తుట్టె కట్టిస్తే ఫోటో పెట్టమంటాడు. అత్తమ్మ ఫోన్ లాక్కుంది. "తేనెటీగలు లేవు ఏం లేవు బిడ్డ, బొట్టు వెట్టిన. పూజ చేసినంక ఇయ్యాల ముట్టద్దు. రేపు తుడుస్త." అమ్మ మాట కాబట్టి అతను నోరు మూసుకున్నాడు.

సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని గల్లీ అంతా ఒకరింటికొకరు పోతారు. పెద్దవాళ్ల చేతిలో ఆకు పెట్టి, బంగారమని చెప్పి, కాళ్లు మొక్కుతారు. ఇది ఎంత పగవాళ్లైనా తప్పించుకోలేని మర్యాద. ఆడవాళ్లు వచ్చారు, తలలు వంచుకుని, ఆకు ఇచ్చి వెనక్కు తిరిగిపోదామని. ఎదురింటామె మాత్రం రాలేదు. ఒకామె పైకి చూసి ఆగిపోయింది.

"ఏమైందే గది?"

"మా అత్త బొట్టు వెట్టింది" అంది మా చెల్లె.

"సూస్తలేదా?"

"సూస్తలేదు."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మోకాళ్ల నొప్పులామె అందరికన్నా ముందు మెట్లెక్కింది. కూర్చున్నారు. చాటలు లేవు, పని లేదు, మాటలు మాత్రమే. మొదట మెల్లగా, దొంగచాటుగా చక్కెర బుక్కినట్టు. మా చెల్లె నెత్తిమీది కొంగు ఎప్పుడు జారిందో ఆమెకే తెలియదు. మోకాళ్లామె తన కొత్త కోడలు కోడికూరలో బెల్లం వేసిన ముచ్చట ఎత్తుకుంది. నా పందికూర అక్కడ గుర్తొచ్చి అందరూ నన్ను చూసి, ఒక్కసారిగా, పాతకాలంలో లాగా, వీధి చివరిదాకా పోయేలా నవ్వారు.

"ఎవరా నవ్వేది?" అన్నది గోడ.

కన్ను మూశాం గానీ, మూసినా దాని చెవి వింటూనే ఉంది. పసుపు పూసిన అత్తమ్మకు అది తెలియదు. స్టూలు పట్టుకున్న మా చెల్లెకు తెలియదు. నాకూ తెలియలేదు. మనుషుల్లాగే అది కూడా కళ్లు మూసుకుంటే పడుకుంటుందనుకున్నాం. పసుపు బంతిపువ్వు కింద, కుంకుమ బొట్టు వెనక, కళ్లు లేని ఆ డబ్బా మళ్లీ అడిగింది. "ఏమే, ఎవరొచ్చిండ్రు? మాట్లాడుండ్రి, మాట్లాడుండ్రి. ఎందుకాగిండ్రు?"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని లేచారు. మోకాళ్లామె ఒక చెప్పు అక్కడే వదిలి దిగిపోయింది. బాత్రూంలోకి ఎవడో తొంగి చూసినట్టు, చూసి "కానియ్యండి" అన్నట్టుంది.

అత్తమ్మ లేచి నిలబడింది. కంచం చూపించి, కంకులు చూపించి, హారతి పట్టిన మనిషి. గోడ వైపు చెయ్యి ఊపింది.

"నోరు ముయ్యిరా! ఆడోళ్లు కూసున్న కాడ మొగోడు మాట్లాడుతడారా? నీ అయ్య బతికున్నప్పుడు ఈ అరుగు కాడికి దగ్గుకుంట వస్తుండె. దగ్గి, మేము సదురుకున్నంక వస్తుండె. నువ్వేందిరా, దగ్గవు, వాకిలి కొట్టవు?"

గోడ "అట్లగాదమ్మా…" అని మొదలుపెట్టింది. ఆమె వినలేదు. పూజ చేసిన వస్తువును ఆ రోజు ముట్టకూడదు కదా, తెంపలేదు. లోపలికి పోయి చెద్దరు తెచ్చి, దాని మీద కప్పమని నాకు ఇచ్చింది. కప్పాను. చెద్దరు కిందినుంచి బావ గొంతు పరుపులో చిక్కిన పిల్లిలా కొంచెంసేపు గునిసింది.

మా చెల్లె వీటిలో దేనికీ ఆగలేదు. పళ్లెంలో మిగిలిన జమ్మి ఆకు తీసుకుని, కొంగు నడుముకు దోపుకుని, గేటు తీసి గల్లీ దాటింది. ఎదురింటి అరుగు మీద ఆమె ఒక్కతే కూర్చుని ఉంది, చేతులు ఖాళీగా. మా గోల అంతా విన్నదనే అనుకుంటాను. విననట్టు కూర్చుంది. మా చెల్లె మెట్టు కింద నిలబడి ఆకు చాపింది.

ఆమె తీసుకోలేదు. "మీ ఆయన పంపిండా?" అంది.

"నేనే వచ్చిన."

"ఏం గావాలె?"

"రేపటి సంది మీ అరుగు మీద చుట్టుకుంట అక్కా. నా చాట నేను తెచ్చుకుంట. నువ్వు మాట్లాడకపోయినా మంచిదే. పొమ్మంటె పోత."

"మా ఆయన ఇంక ఫోన్ చేస్తలేడు" అంది ఆమె, ఇటు చూడకుండా.

"ఎర్కనే అక్కా."

"ఎర్కుండి వచ్చినవా?"

మా చెల్లె చెయ్యి చాపే ఉంది. ఆమె ఎంతసేపు చూసిందో చెప్పలేను, నాకు మామూలుగా చాలా పొడుగ్గా చెప్పడం అలవాటు, ఈసారి మాత్రం కొలిచే ధైర్యం లేదు. చివరికి ఆకు తీసుకుంది. తీసుకుని రైకలో దోపుకుంది. పక్కనున్న తునికాకు మూటను కాలితో అవతలికి నెట్టింది.

"తొవ్వల నిలవడ్డవేందే" అంది విసుగ్గా. "మీదికెక్కు."